జాలీ అక్క డ్రమ్ములు

అల్యూమినియం చట్రం మీద దోమల జాలీ పరిచి, నాలుగు మూలలా అరచేత్తో సరిచేసి, గాడిలోకి రబ్బరు తాడును చిన్న చక్రంతో నొక్కుకుంటూ పోతోంది ఆమె. పొద్దున్నుంచి అది ఆరో కిటికీ. మూల తిరిగే చోట చక్రం ఒక్క క్షణం ఆగుతుంది. ఆమె జాలీని అవతలికి లాగి పట్టుకుని మళ్ళీ దొర్లిస్తుంది. నాలుగో మూల కూడా అయ్యాక మిగిలిన రబ్బరు కత్తిరించి, చట్రాన్ని బల్లకు ఆనించి నిలబెట్టి, మధ్యలో చూపుడువేలి గోటితో రెండుసార్లు కొట్టింది. తబ్, తబ్. ఎడమ అంచున కొట్టింది. టిబ్. మొహం చిట్లించి, ఆ వైపు రబ్బరంతా పీకేసి మళ్ళీ మొదలుపెట్టింది.

"దోమలకి పాట వినిపిస్తున్నావా అక్కా?" అన్నాడు షాపు ఓనరు కుర్చీలోంచి లేవకుండా.

"శ్రుతి తప్పితే లోపలికొచ్చేస్తాయి," అంది ఆమె తలెత్తకుండా.

ఇరవై రెండేళ్ళుగా ఆ షాపులో ఆమె పని ఇదే. అందరూ జాలీ అక్క అంటారు. కొలతలో గోరంత తేడా వచ్చినా చట్రాన్ని వెనక్కి పంపేస్తుంది కాబట్టి, చట్రాలు కోసేవాళ్ళు "జాలి అంతా పేరులోనే ఉంది" అని నవ్వుకుంటారు. ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. ఆమె చెవిన పెట్టదు. యాభై ఒక్క ఏళ్ళ పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాళ్ళ మణికట్లంత లావు. జాలీ అంచులు గీసుకుని గీసుకుని వేళ్ళ కొసలు గరుకుతేలిపోయాయి. పెళ్ళయిన నాలుగేళ్ళకే ఎవరి దారి వాళ్ళదయింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "కొలత కుదరలేదు" అని ఊరుకుంటుంది.

శనివారం ఒంటిపూట పని. పన్నెండు దాటగానే ఆమె చేతులు కడుక్కుని, షాపు వెనక గోడకు చేరగిలబెట్టిన పెద్ద గుండ్రటి ఇనప కట్టును తీసింది. ఒకప్పుడు అది పెద్ద డ్రమ్ము మీది తోలు కట్టు. నిజానికి తోలు కాదు, దళసరి ప్లాస్టిక్కు. ఆమె దాన్ని చుట్టూ కోసి తీసేసి, ఆ కట్టుకు రెండు పొరల జాలీని అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి లాగి అతికించింది. నెల రోజులుగా మధ్యాహ్నం అన్నం వేళ మిగుల్చుకుని చేసిన పనుల్లో ఇది ఆఖరిది. గోటితో కొట్టి చూసింది. గదిలో ఎవరో దుప్పటి దులిపినట్టు చిన్న చప్పుడు. అంతే. అంతే కావాలి ఆమెకు.

బస్సులో ఆ కట్టును భుజానికి తగిలించుకుని నిలబడితే కండక్టరు కిందా మీదా చూశాడు.

"ఏంటక్కా ఇది, జల్లెడా?"

"డ్రమ్ము."

"డ్రమ్మైతే అవతలి మనిషి కనపడతాడా?"

"వినపడదు కూడా," అని టికెట్టు తీసుకుంది.

ఆమే, ఆమె తండ్రీ ఉండేది మూడంతస్తుల పాత బిల్డింగులో. వాళ్ళు పై అంతస్తు. సరిగ్గా వాళ్ళ కింద వాటాలో బిల్డింగు సంఘం కార్యదర్శి ఉంటాడు. గుమ్మం పక్కన అద్దాల పలకలో, నీళ్ళ వేళల కాగితానికీ లిఫ్టు ఎప్పటికి బాగవుతుందో తెలియదన్న కాగితానికీ మధ్య, పదకొండేళ్ళ నాటి కాగితం ఒకటి ఉంది. "నివాసాలలో వాద్యములతో శబ్దము చేయరాదు." పసుపుపచ్చగా మారింది గానీ చిరగలేదు. కార్యదర్శి ఆ పూట పలక అద్దం తుడుస్తున్నాడు. జాలీ అక్క భుజానికున్న కట్టును చూసి గుడ్డ ఆపాడు.

"అమ్మా, మీరేదో మొదలుపెట్టారని విన్నాను. ఈ కాగితం మీరు చదివే ఉంటారు."

"పదకొండేళ్ళుగా రోజుకి రెండుసార్లు చదువుతున్నానండీ. శబ్దం చెయ్యకూడదని ఉంది. వాయించకూడదని లేదు."

ఆయన పలక వైపు తిరిగి కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఆమె మెట్లెక్కేసింది.

ఆ కాగితం అతికించినది ఆమె తండ్రి కోసం. ముప్ఫై ఏళ్ళు క్లబ్బుల్లో, విందుల్లో, హోటళ్ళలో డ్రమ్ములు వాయించిన మనిషి. బ్యాండు చెదిరిపోయి ఈ వాటాలోకి వచ్చిన మొదటి ఆదివారం, కిటికీలు తెరిచి ఇరవై నిమిషాలు వాయించాడు. మర్నాడు ఈ కాగితం వెలిసింది. ఆయన కిందికి దిగి చదివి, పైకి వచ్చి, డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పాడు.  ఎన్నో హాళ్ళ పైకప్పులు అదరగొట్టిన మనిషి, అరచెయ్యంత కాగితానికి తల వంచాడని ఆమెకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. కుడి కాలు ఈడుస్తాడు. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకి వెళ్తాడు. కుర్చీ మాత్రం దుప్పటి కప్పిన డ్రమ్ముల ఎదురుగానే వేయించుకున్నాడు.

ఆమె తలుపు తీసేసరికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. తల దువ్వుకున్నాడు, ఎడం చేత్తో దువ్వడం వల్ల పాపిడి అటు పోయింది. కుర్చీ పక్కన సర్దిన సంచీ. సాయంత్రం నాలుగింటికి కొడుకు కారు తెస్తానన్నాడు. ఆయన పొద్దున్న తొమ్మిదింటికే తయారయ్యాడు.

"అన్నం తిన్నావా?" అంది.

జవాబు లేదు. పది రోజులుగా జవాబు లేదు. నీళ్ళు కావాలంటే వాకరు మీద ఎడం చేత్తో రెండుసార్లు కొడతాడు. మందు కావాలంటే మూడుసార్లు. వంటింట్లో గిన్నె కడిగి బోర్లించి ఉంది, అంటే తిన్నాడన్నమాట.

పది రోజుల కిందట జరిగింది ఇది. ప్రతి డ్రమ్ము పక్కనా గాలి పోవడానికి ఒక కన్నం ఉంటుంది. మోత బయటికి రాకుండా వైరు వెంట చెవుల్లోకే పోయేలా, మూడు డ్రమ్ములకు ఆమె ఆ కన్నంలోనే వైరు పట్టే గొట్టం బిగించేసింది. ఒడి ముందుండే చిన్న స్నేర్ డ్రమ్ముకి మాత్రం కన్నం సన్నం. అది ఆయన మొదటి జీతంతో కొన్నది, మెరిసే ఇత్తడి డొక్క. ఆమె షాపు నుంచి డ్రిల్లు తెచ్చింది. మొద్దుబారిన నాలుకతోనే ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"నోరు నొక్కేసిన డ్రమ్ము డ్రమ్మా? పక్కవాడి గోడ అదరాలి. దానికి చిల్లు పెట్టిన రోజున నేనీ ఇంట్లో ఉండను."

"పదకొండేళ్ళ నించీ దుప్పటి కింద అది ఎవరి గోడ అదరగొట్టింది నాన్నా?"

"చిల్లు పెట్టకు."

ఆమె పెట్టింది. ఇత్తడి పొట్టు రింగులు రింగులుగా నేల మీద రాలింది. ఆ సాయంత్రమే ఆయన కొడుక్కి ఫోను చేశాడు. ఇన్నేళ్ళలో ఆ కొడుకు ఇంట్లో రెండు రోజులకు మించి ఉన్నవాడు కాదు. కోడలు టీవీ గట్టిగా పెడుతుందని వంక చెప్పి వచ్చేసేవాడు.

జాలీ అక్క కొంగు బిగించి నేల మీద కూర్చుంది. పెద్ద డ్రమ్మును పక్కకు దొర్లించి, కడుపులో అడ్డంగా బిగించిన చెక్కపట్టీని ఒకసారి కదిపి చూసింది. దాని నడిమధ్యన గుండీకి రెండింతలున్న పల్చటి ఇత్తడి బిళ్ళ, దెబ్బను పసిగట్టి వైరుకు అందించేది. దాని మీద పాత పరుపులోంచి కోసిన స్పాంజి ముక్క, పైకి పోను పోను సన్నం. ఆ స్పాంజి కొస డ్రమ్ము అంచు కన్నా వెంట్రుకవాసి ఎత్తు ఉండాలి. ఎక్కువైతే కర్ర తగిలిన చోట రాయిలా ఉంటుంది, తక్కువైతే బిళ్ళకు దెబ్బ అందదు. ఆమె స్కేలు అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి చూసి, బ్లేడుతో స్పాంజిని గీకింది. మళ్ళీ చూసింది. మళ్ళీ గీకింది. అప్పుడు జాలీ కట్టు ఎక్కించి, ఒక మర బిగించి, దాని ఎదురు మర బిగించి, చుట్టూ తిరిగి వచ్చింది. డ్రమ్ము మరలు అలా ఎదురెదురుగా బిగించాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్ళ వయసులో చూసి నేర్చుకుంది.

ఆదివారం పొద్దుట తండ్రి తమ్ముడికి నేర్పేవాడు. తమ్ముడికి ఎనిమిదేళ్ళు. ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది. అక్కడ కర్ర ఎలా పడితే ఇక్కడ కత్తి అలా పడేది. వాడు తప్పినా కత్తి తప్పేది కాదు. "ఏమే, ఉల్లిపాయని ఉల్లిపాయలా తరుగు," అని లోపలి నుంచి కేక వచ్చేది. పదిహేనో ఏట ఒకసారి, ఇంట్లో ఎవరూ లేరు కదా అని డ్రమ్ముల ముందు కూర్చుంది. తండ్రి మధ్యలో వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చేతిలోంచి కర్రలు తీసుకుని, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాడు. ఆ తుడవడం ఉంది చూశారూ, అది చెంపదెబ్బ కన్నా లోతుకు దిగింది. ఆ తర్వాత ఆమె తన తొడల మీదే వాయించుకుంది. బస్సులో, పొయ్యి ముందు, భర్త నిద్రపోతున్న మంచం అంచున. ముప్ఫై ఆరేళ్ళు.

మూతపడిన ఒక సంగీతం బడిలో కిటికీ జాలీలు విప్పడానికి వెళ్ళినప్పుడు అటక మీద మీటలూ వైరు కన్నాలూ ఉన్న ఒక ఎలక్ట్రానిక్ పెట్టె కనిపించింది. దెబ్బ ఎక్కడ పడిందో బిళ్ళ చెబితే, ఈ పెట్టె దాన్ని డ్రమ్ము మోతగా మార్చి చెవుల్లోకి పంపుతుంది. హెడ్‌ఫోన్లు, ఆమె మాటల్లో చెవి గొట్టాలు, పెట్టుకున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ వినపడదు. అది అడిగి తెచ్చుకున్న రోజే ఆమె దుప్పటి తీసేసింది.

మూడయ్యేసరికి నాలుగు డ్రమ్ములూ నిలబడ్డాయి. మోగే కంచు తాళాల బదులు మందపాటి రబ్బరు చాపను గుండ్రంగా కోసి పెట్టింది. పెద్ద డ్రమ్మునూ దాని పెడలునూ మాత్రం నేల మీద పెట్టలేదు. పెడలు తొక్కుడు నేలలోంచి కార్యదర్శి గారి అన్నం పళ్ళెంలోకి దిగుతుందని ఆమెకు తెలుసు. రెండు చెక్కల మధ్య ఆటబంతులు ఇరికించి, జానెడు ఎత్తున తేలే అరుగు ఒకటి చేసింది. వైర్లు పెట్టెకు గుచ్చి మీట నొక్కింది. చెవి గొట్టాలు తగిలించుకుని స్నేర్ మీద ఒక్క దెబ్బ కొట్టింది.

స్నేర్ పలికింది. దానితో పాటు పెద్ద డ్రమ్ము కూడా పలికింది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ రెండూ. అదురు స్టాండు కాళ్ళ గుండా పాకుతోందని ఆమె పోల్చుకుని, సంచీలోంచి కిటికీ రబ్బరు తాడు తీసి ముక్కలు కోసి, స్నేర్ స్టాండు కాళ్ళ కిందా, డ్రమ్మును పట్టుకునే కొమ్మల కిందా దూర్చింది. కొట్టింది. ఈసారి స్నేర్ ఒక్కటే. తెగిన తీగలా, కొత్తగా, ఒక్కటే.

అప్పుడు మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, కుడి చెయ్యి రబ్బరు తాళం మీద, ఎడమ చెయ్యి స్నేర్ మీద, కుడి కాలు పెడలు మీద. చెవుల్లో హాలు నిండిపోయింది. గదిలో మాత్రం జాలీ మీద కర్రలు పడే టప్ టప్, అంతే. ముప్ఫై ఆరేళ్ళ తొడల మీది దెబ్బలన్నీ చేతుల్లోకి వచ్చాయి. చెమట చెంపల మీదుగా కారి మెడలోకి దిగుతోంది. ఆమె తుడుచుకోలేదు.

ఏదో కదిలినట్టై తలెత్తింది. తండ్రి వాకరు మీద ఎడం చేత్తో కొడుతున్నాడు. రెండు కాదు, మూడు కాదు, ఊరికే కొడుతున్నాడు. ఆమె ఒక చెవి గొట్టం పక్కకు జరిపింది.

"ఎడం చెయ్యి వెనకబడుతోంది," అన్నాడు ఆయన.

పది రోజుల తర్వాత మొదటి మాట.

"నీకెలా తెలుసు? నీకేం వినపడదు కదా."

"కర్ర చప్పుడు చాలు."

"డ్రమ్మే కాదన్నావు. డ్రమ్మే కానిదానికి ఎడమేంటి, కుడేంటి?"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆమె లేచి చెవి గొట్టాలు తీసి ఆయన ముందుకు చాపింది.

"ఒక్కసారి విను."

"నాకు చెవులున్నాయి."

"ఉంటే విను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, వెళ్ళి కూర్చుని, మళ్ళీ వాయించింది. ఎడమ చెయ్యి నిజంగానే వెనకబడుతోంది. సరిచేసుకుంది. ఆయన చెప్పింది నిజం కావడం ఆమెకు ఒళ్ళు మండించింది. ఇంకాస్త గట్టిగా వాయించింది.

తమ్ముడు చెప్పిన వేళకే వచ్చాడు. టైర్ల షాపు నడుపుతాడు. నలభై ఏడేళ్ళకే బాగా బొజ్జ వచ్చింది. గుమ్మంలో నిలబడి డ్రమ్ములను, తండ్రిని, అక్కను వరసగా చూశాడు.

"నాన్నా, ఇంకోసారి ఆలోచించుకో. మా ఇంట్లో టీవీ గట్టిగానే ఉంటుంది."

"పద," అన్నాడు తండ్రి.

"ముందు సంచీ కింద పెట్టొద్దాం," అని తమ్ముడు అక్కకు కనుసైగ చేశాడు. దుస్తుల సంచీ అతనూ, మందుల డబ్బా, పరుపు చుట్ట ఆమే తీసుకున్నారు. డ్రమ్ముల దగ్గర చెవి గొట్టాలు స్టాండుకు తగిలించి ఆమె అతని వెనక దిగింది. రెండో అంతస్తు మలుపులో తమ్ముడు ఆగాడు.

"ఒక్కమాట అనక్కా. తప్పయిందను. ఉండిపోతాడు. ఉండిపోవాలనే ఉంది ఆయనకి, నాకు తెలీదా?"

"నేనేం తప్పు చేశాను?"

"చెయ్యలేదు. ఉత్తిగా అను."

"ఉత్తిగా కూడా అనను. జీవితమంతా ఉత్తిగానే అన్నాను. ఇది అనను."

తమ్ముడు సంచీ చెయ్యి మార్చుకున్నాడు. 

"నీకోటి చెప్పనా? నాకా డ్రమ్ములంటే చచ్చేంత భయం. ఆదివారం వస్తే కడుపునొప్పి వచ్చేది. వంటింట్లో నీ కత్తి చప్పుడు వింటూ లెక్క పట్టుకునేవాణ్ణి. నువ్వు తరగడం ఆపితే తప్పేవాణ్ణి."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా ఆయనకి."

"చెప్పాను. పదేళ్ళప్పుడు. నా లెక్కంతా అక్క కత్తిదేనని. 'తెలుసు' అన్నాడు."

ఆమె మెట్టు మీద నిలబడిపోయింది. తెలుసు. తెలిసి కూడా పదిహేనో ఏట ఆ కర్రలు తుడిచి పెట్టెలో పెట్టాడు. ఇప్పుడు ఆ మాటకు కన్నీళ్ళు రావాలో, పైకి వెళ్ళి నిలదీయాలో ఆమెకు తెలియలేదు. రెండూ చెయ్యలేదు. మిగిలిన మెట్లు దిగి, పరుపు చుట్టను కారు డిక్కీలో కుక్కి, మూత పడక రెండుసార్లు మోకాలితో నొక్కింది. సామాను సర్దేసరికి పది నిమిషాలు పట్టింది.

వాళ్ళు పైకి వచ్చేటప్పటికి తండ్రి కుర్చీలోనే ఉన్నాడు. ఒగరుస్తున్నాడు. నుదుటి మీద చెమట. వాకరు కుర్చీకి ఇటు పక్కన ఉండేది అటు పక్కన ఉంది.

"బాత్రూముకి వెళ్ళావా? పిలవచ్చు కదా," అన్నాడు తమ్ముడు.  కొడుకు ఒక పక్కా, కూతురు ఒక పక్కా కుర్చీ కాళ్ళు పట్టుకుని లేపబోతూ ఉంటే తమ్ముడు కిందికి చూశాడు.

"నాన్నా, కుడి కాలి చెప్పేదీ?"

"అక్కర్లేదు."

"ఉండు, చూస్తాను," అని ఆమె వంగబోయింది.

"వెతక్కు," అన్నాడు తండ్రి. మొద్దుబారిన నాలుక మీద ఆ మాట ఒక్కటీ గట్టిగా, స్పష్టంగా వచ్చింది. "కారే కదా. నడిచేదేముంది. పదండి."

మూడంతస్తులూ కుర్చీతో సహా మోసుకుంటూ దించారు. కార్యదర్శి తలుపు తీసి, తనూ ఒక చెయ్యి వేశాడు. "మాకేమీ వినపడలేదండీ ఇవాళ," అన్నాడు ఏదో మంచి కబురు చెప్పినట్టు. తండ్రి ఆయన వైపు చూసిన చూపుకి ఆయన చెయ్యి తీసేశాడు.

కారు తలుపు వేశాక ఆమె కిటికీ దగ్గర వంగింది. ఏదో ఒకటి అంటాడనుకుంది. ఆయన ఎడం చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసింది. ఆయన వెయ్యనిచ్చాడు. కాసేపటికి, "రోడ్డు మీద నిలబడకు. పైకి పో," అన్నాడు. కారు మలుపు తిరిగేదాకా ఆమె రోడ్డు మీదే నిలబడింది.

పైకి వచ్చి తలుపు వేసుకుంది. కుర్చీ కిందే ఉండిపోవడంతో డ్రమ్ముల ఎదుట చోటు ఖాళీగా ఉంది. కర్రలు తీసుకుని వాయించబోయి ఆగింది. స్టాండుకు తగిలించిన చెవి గొట్టాలు స్టాండుకు లేవు. తను కూర్చుని వాయించే పీట మీద, ఎవరో కూర్చుని లేస్తూ పడేసినట్టు, బోర్లా పడి ఉన్నాయి. తీసి చూస్తే ఒక చెవి చెమటతో తడిగా ఉంది. ఆమె వాటిని చేతిలో పట్టుకుని కళ్ళతోనే కొలిచింది. కుర్చీ ఉండిన చోటికీ పీటకూ మధ్య దూరం నాలుగు అడుగులు. వాకరుతో, ఈడ్చే కాలితో, జానెడు ఎత్తు అరుగు మీదికి.

"మొండిఘటం," అంది పైకే.

చెవి గొట్టాలు తగిలించుకుని కూర్చుంది. తప్పయిందని అనలేదు, ఇప్పుడు కూడా అనదు. ఫోను వైపు చూడలేదు. కర్రలు ఎత్తి, ఎడమ చేత్తోనే మొదలుపెట్టింది. పెడలు మీదికి పాదం జరపబోతే కింద ఏదో తగిలింది. వంగి చూసి, దాన్ని తియ్యకుండానే పాదాన్ని కాస్త పక్కగా పెట్టుకుని తొక్కింది.

అరుగు అంచుకూ పెడలుకూ మధ్య, కుడి కాలి రబ్బరు చెప్పు ఒకటి, మడమ దగ్గర కొత్తదిలా ఉండి, ఈడ్చీ ఈడ్చీ వేళ్ళ దగ్గర మాత్రం కాగితంలా అరిగిపోయినది, ఒరిగి ఇరుక్కుని ఉంది.